గోస్తని వెంట కొండ మీంచి సముద్రం దాకా: గైడ్‌తో నాలుగు రోజుల నడక ఎలా ప్లాన్ చేసుకోవాలి

వైజాగ్‌లో ఎవరినైనా ట్రెక్కింగ్‌కి వెళ్ళారా అని అడిగితే ఎక్కువమంది పాడేరు దగ్గర వంజంగి కొండ కథే చెప్తారు. అర్ధరాత్రి బళ్ళేసుకుని బయల్దేరడం, తెల్లారేసరికి మేఘాలు, ఫొటోలు, పదింటికల్లా పాడేరులో ఇడ్లీ, మధ్యాహ్నం ఇంట్లో నిద్ర. బానే ఉంటుంది, నేనూ వెళ్ళాను. కానీ మూడు రాత్రులు బయట పడుకుని, రోజూ నడిచి, అడవి మారిపోతుండటం కళ్ళతో చూడాలంటే మన దగ్గరే ఒక మంచి దారి ఉంది, అదే గోస్తని నది. అనంతగిరి కొండల్లో పుడుతుంది, బొర్రా గుహల కింద నుంచి పోతుంది, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగుతుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తాటిపూడి నీళ్ళు మన సిటీకి కూడా వస్తాయి, అంటే మీలో కొంతమంది పొద్దున మొహం కడుక్కున్నది ఈ నది నీళ్ళతోనే.

కాఫీ తోట, సున్నపురాయి లోయ, వెదురు, ఎండు గడ్డి కొండలు, చెరువు గట్టు, ఎర్రమట్టి, ఇసుక, అన్నీ నాలుగు రోజుల్లో చూసేయొచ్చు. మొత్తం దూరం కాళ్ళతోనే నడుస్తాం అనుకోకండి, మధ్యలో రెండు మూడు చోట్ల జీపో ఆటోనో ఎక్కాలి, దాంట్లో సిగ్గుపడేదేం లేదు.

ఒక్క సంగతి ముందే బుర్రలో పెట్టుకోండి. ఇది దిగే ట్రిప్పు. వెయ్యి మీటర్ల పైనుంచి సముద్రం దాకా దిగుతాం. "దిగడమే కదా, ఈజీ" అని నేనూ అనుకున్నా. మొదటిసారి కొత్త బూట్లు, సరిగ్గా పాదం సైజువి, వేసుకుని వెళ్ళా. రెండో రోజు సాయంత్రానికి రెండు బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడిపోయాయి. మా గైడ్ హవాయి చెప్పులేసుకుని నా పక్కనే గంతులేస్తూ దిగుతూ, "ఏటి బాబూ, కొత్త జోళ్ళు పెళ్ళికి ఏసుకోవాలి గానీ కొండకి ఏసుకొచ్చీసేరేటి" అన్నాడు. అప్పట్నుంచి నా ప్లానింగ్ అంతా మోకాళ్ళు, వేళ్ళు, వీపు మీద బరువు, ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు నెల ఎంచుకోండి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్. నవంబర్, డిసెంబర్‌లో వలిసె పూలు పసుపుగా పరుచుకుని ఉంటాయి, కాఫీ పళ్ళు ఎర్రబడి కోతలు నడుస్తుంటాయి. చలి మాత్రం తక్కువ అంచనా వెయ్యొద్దు, డిసెంబర్, జనవరుల్లో అరకు వైపు రాత్రి పది డిగ్రీల కిందకి పడిపోవడం మామూలే, సిటీలో ఫ్యాన్ వేసుకుని పడుకునే మనకి అది చాలా ఎక్కువ. వానాకాలంలో కొండ పచ్చగా ఉంటుందని ఆశపడతారు గానీ జలగలు, జారే రాళ్ళు, చరియలు విరిగిపడటం, ఉన్నట్టుండి పొంగే గెడ్డలు (కొండ వాగులు), వీటన్నిటితో టెంట్లేసుకోవడం తెలివైన పని కాదు. ఇంకోటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా తుఫాన్ల సీజన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను సిటీనే కాదు, పైన కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని కూడా పడగొట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో విన్నారా, డేట్ మార్చుకోండి, అంతే, చర్చ లేదు.

తర్వాత గైడ్. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా గైడెందుకు అంటారు మా ఫ్రెండ్స్. దారి చూపించడం గైడ్ చేసే పనుల్లో చిన్నది. అక్కడ ఏ తోట ఎవరిది, ఏ ఊట నీళ్ళు తాగొచ్చు, ఏ చెట్ల గుంపులో ఊరి దేవత ఉంది, అక్కడికి చెప్పులతో వెళ్ళకూడదా, ఎలుగుబంటి ఈ మధ్య ఏ వైపు తిరిగింది, ఇవేవీ మ్యాప్‌లో ఉండవు. పైగా ఇది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యింది, కొన్ని ఊళ్ళలో పెద్దవాళ్ళు తెలుగు కంటే ఆదివాసీ ఒడియా, కువి లాంటి భాషలే హాయిగా మాట్లాడతారు. కాబట్టి ఆ పక్క ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషినే గైడ్‌గా పెట్టుకోండి. సిటీ నుంచి గ్రూపుల్ని తీసుకెళ్ళేవాళ్ళతో వెళ్తే, ఒక్క ప్రశ్న అడగండి: "మాతో ఊరి మనిషి నడుస్తాడా, ఆయనకి మీరు రోజుకి ఎంత ఇస్తారు?" నసిగితే వదిలేయండి. ఒకసారి నేను వెళ్ళిన గ్రూపులో ఊరి గైడ్‌కి ఇస్తామన్న దాంట్లో సగమే చేతిలో పెట్టారు, ఆ మనిషి ఏమీ అనలేదు, మాకే తల కొట్టేసినట్టయ్యింది, చివర్లో మేమే చందాలేసి ఇచ్చాం.

గైడ్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి ఏంటంటే రోజుకూలి ఎంత, వంట ఎవరు చేస్తారు, బియ్యం కూరగాయలు ఎవరు తెస్తారు, సామాను మోయడానికి ఇంకో మనిషి కావాలా, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది. డబ్బులు క్యాష్ పెట్టుకోండి, ఏటీఎం కోసం వెతుక్కునే చోటు కాదు, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే ఏం పనిచేస్తుంది. పర్మిషన్ సంగతి కూడా గైడ్ ద్వారానే తేల్చుకోండి. రిజర్వ్ ఫారెస్ట్‌లో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంట్ వెయ్యకూడదు. ఊరి పక్క ఖాళీ పొలమో, ఎవరిదైనా కళ్ళమో, స్కూల్ గ్రౌండో అయితే ఊరివాళ్ళని అడిగితే చాలు, మా మూడు రాత్రులూ అలాంటి చోట్లే. ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి, ఘాట్ రోడ్డు చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం బ్యాగులు చూస్తారు, వెయిట్ చెయ్యాల్సి వస్తే చిరాకుపడకండి.

ప్రాక్టీసు నెల రోజుల ముందు మొదలెట్టండి. వైజాగ్ వాళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఉంది, సింహాచలం మెట్లున్నాయి. అందరూ ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగిపోతారు. మీరు తిరగేయండి, బస్సులో ఎక్కి మెట్ల మీంచి దిగండి, వారానికి రెండుసార్లు. మూడో వారం నుంచి బ్యాగులో నాలుగు వాటర్ బాటిళ్ళు వేసుకుని దిగండి. తొడ ముందు భాగం కండరం వణకడం మొదలవుతుంది చూడండి, దాన్నే గట్టి చెయ్యాలి మనం. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో నడిచినవాళ్ళకి దూరం భయం లేదు, కానీ అది ఎక్కువగా చదును రోడ్డు, దాన్ని చూసుకుని ధైర్యపడొద్దు. ఎక్కడా కుదరకపోతే కంబాలకొండలో నడవండి, అపార్ట్‌మెంట్ మెట్లైనా పర్లేదు, లిఫ్ట్ ఎక్కి మెట్లు దిగండి, వాచ్‌మన్ వింతగా చూస్తే చూడనివ్వండి.

బూట్లు అర సైజు పెద్దవి కొనండి, సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. కనీసం నెల వాడినవే వేసుకెళ్ళండి. బయల్దేరే ముందు రోజు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి, ఈ ఒక్క పని చేసుంటే నా బొటనవేళ్ళు బతికేవి. దిగేటప్పుడు లేసు మడమ దగ్గర బిగించాలి, వేళ్ళ దగ్గర వదులుగా ఉండాలి, అప్పుడు పాదం ముందుకి జారదు. ఒక కర్ర చాలా అవసరం, ఖరీదైన పోల్స్ అక్కర్లేదు, వెదురు కర్ర ఊళ్ళో అడిగితే ఇస్తారు.

బ్యాగు తూకం వెయ్యండి, ఇంట్లో బాత్రూమ్ స్కేలు మీద మీరు బ్యాగుతో ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తీసేయండి. పది కిలోలు దాటిందా, విప్పి మళ్ళీ సర్దండి. ఇద్దరికి ఒక టెంట్, అది విడగొట్టుకుని మోసుకోండి, గుడ్డ ఒకరు, కర్రలు ఒకరు. ఒక్కొక్కరికి స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే మ్యాట్. చాలామంది మ్యాట్ వదిలేస్తారు, చలి పైనుంచే కాదు, ఒంటి వేడిని కింద నేల లాగేస్తుంది. అద్దెకి తెచ్చుకునేట్టయితే ఇంటి దగ్గరే ఒకసారి మేడ మీద టెంట్ వేసి చూడండి, జిప్పు పోయిందో కర్ర విరిగిందో అప్పుడే తెలుస్తుంది. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి ఒక చిన్న టార్పాలిన్, పది మీటర్ల నైలాన్ తాడు తెచ్చుకోండి, మంచుకి టెంట్ తడవకుండా పైన కట్టొచ్చు, పొద్దున టిఫిన్‌కి కింద పరచొచ్చు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. పొడుగు చేతుల చొక్కాలు రెండు, ఒక స్వెటర్, మంకీ క్యాపు (నవ్వకండి, రాత్రి రెండింటికి మీరే వెతుక్కుంటారు), తలకి కట్టుకునే లైటు, పవర్ బ్యాంకు. ఇంకో ముఖ్యమైనది, రైలులో వెళ్తే గ్యాస్ స్టవ్ డబ్బాలు పట్టుకెళ్ళకూడదు, నిషేధం. వంట గైడ్‌కి వదిలేయడమే మేలు, ఆయన ఇంటి నుంచి గిన్నెలు, కట్టెలు తెస్తాడు.

తిండి విషయంలో మన ఇళ్ళలో ఉన్నవే చాలు. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, ఆ తర్వాత అటుకులు, పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఆవకాయ చిన్న సీసా. మాడుగుల హల్వా ఒక అరకిలో పట్టుకెళ్ళండి, నాలుగు రోజులకి ఏమీ కాదు, నెయ్యీ జీడిపప్పూ కాబట్టి ఒక్క ముక్క తింటే గంట నడవొచ్చు, ఏ ఎనర్జీ బార్ దాని ముందు నిలబడదు. ఊళ్ళలో పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి) ఇస్తే కాదనకండి. బొంగు చికెన్ రోడ్డు పక్క కొట్లలో అందరూ తినేదే, కానీ గైడ్ ఇంటి దగ్గర కోడి కొనుక్కుని, లేత పచ్చి బొంగు కొట్టి, మూతి ఆకులతో బిగించి కాల్చుకుని, అడ్డాకు విస్తరిలో వేడన్నంతో తింటే... సరే, దాని గురించి చెప్తూ పోతే ట్రిప్పు సంగతి మర్చిపోతాను.

ఇక మొదటి రోజు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్నే అరకు బస్సెక్కండి. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, బొడ్డవర, కాశీపట్నం మీదుగా ఘాట్ ఎక్కుతుంది, అనంతగిరిలో దిగిపోండి. రైలు మోజుంటే కిరండూల్ వెళ్ళే పొద్దుటి బండిలో బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి జీపులో పైకి రావచ్చు. సొరంగాలు లెక్కపెడుతూ పిల్లల్లా అయిపోతారు అందరూ, అందుకని గ్రూపులో కొత్తవాళ్ళుంటే నేను రైలుకే ఓటేస్తా. మధ్యాహ్నం కాఫీ తోటల్లో మూడు నాలుగు గంటల నడక, అంతే, మొదటి రోజు ఎక్కువ వద్దు. పైన సిల్వర్ ఓక్, దానికి అల్లుకున్న మిరియం తీగ, కింద కాఫీ. పళ్ళు కొయ్యకండి, అది ఒకరి ఏడాది సంపాదన. టెంట్ సిల్వర్ ఓక్ కింద వెయ్యొద్దు, ఆ చెట్టు కొమ్మలు పెళుసు, గాలికి విరుగుతాయి. గెడ్డ ఒడ్డునా వెయ్యొద్దు, చూడ్డానికి బాగుంటుంది, కానీ పైన ఎక్కడో వాన పడితే మీకు తెలిసేలోపు నీళ్ళొస్తాయి, పైగా రాత్రి చలి, తేమ అక్కడే ఎక్కువ. గట్టు మీద కొంచెం ఎత్తుగా, చదునుగా, ఎండు ఆకులు ఊడ్చేసిన చోట వేసుకోండి. రాత్రి బూట్లు టెంట్ లోపల పెట్టుకోండి, పొద్దున దులపకుండా కాలు పెట్టకండి. మిగిలిన తిండి టెంట్లో ఉంచుకోవద్దు, గైడ్‌కి ఇచ్చేయండి, ఆయన ఊళ్ళో పెడతాడు లేదా దూరంగా కొమ్మకి వేలాడదీస్తాడు. తెల్లవారుజామున, చీకటి పడేవేళ నడిస్తే కబుర్లు చెప్పుకుంటూ నడవండి, ఎలుగుబంటికి మనం వస్తున్నట్టు తెలిస్తే అదే తప్పుకుంటుంది, మలుపులో ఎదురుపడితేనే ప్రమాదం.

రెండో రోజే అసలు దిగడం. అనంతగిరి వైపు నుంచి బొర్రా వైపు కాలిబాటలున్నాయి, ఏ బాటన్నది ఆ ఏడాది వానలకి ఏది కొట్టుకుపోయిందో చూసి గైడ్ చెప్తాడు, వాదించకండి. అడుగు చిన్నది వెయ్యాలి. మోకాలు కొంచెం వంచి ఉంచాలి, మడమ మీద ధబ్ ధబ్ అని దిగితే సాయంత్రానికి మోకాళ్ళు వాచిపోతాయి. ఎండు వెదురాకుల మీద జాగ్రత్త, సబ్బు మీద నడిచినట్టే. మరీ నిటారుగా ఉంటే పక్కకి తిరిగి దిగండి, కర్ర కింద అడుగులో ముందు ఆనించి తర్వాత కాలు వెయ్యండి. గంటకి ఒకసారి కూర్చుని బూట్లు విప్పండి, పాదంలో ఎక్కడైనా మంటగా అనిపిస్తే అప్పుడే ప్లాస్టర్ వేసేయండి, బొబ్బ వచ్చాక వేస్తే లాభం లేదు.

ఎందుకింత చెప్తున్నానంటే, కాలు మడతపడితే అక్కడికి అంబులెన్స్ రాదు. రోడ్డు లేని ఊళ్ళలో నిండు గర్భిణుల్ని, జ్వరంతో ఉన్నవాళ్ళని ఈ రోజుకీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. సరదాకి వెళ్ళిన మనల్ని కూడా వాళ్ళే మొయ్యాలి, మోస్తారు కూడా, కాదనరు. నాకైతే ఆ ఆలోచన వస్తే అడుగు దానంతటదే చిన్నదవుతుంది.

బొర్రా గుహలు సాయంత్రం మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా చేరేట్టు చూసుకోండి. నీళ్ళలో కరిగిన సున్నపురాయి బొట్టు బొట్టుగా కారి కట్టిన స్తంభాలు అవి, చేత్తో ముట్టుకోకండి, మన చేతి జిడ్డుకి అక్కడ కట్టడం ఆగిపోతుంది. గుహ పైన రైలు పట్టాలు, గుహ, కింద గోస్తని, ఒకదాని మీద ఒకటి. గుహలోకి ఆవు పడిపోయిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్తే లోపల శివలింగం కనిపించిందని, ఆవు పొదుగు నుంచి వచ్చిన నది కాబట్టి గోస్తని అయ్యిందని ఊళ్ళో చెప్తారు. ఇంకో కథ పుస్తకాల్లో ఉంది. ఈ అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజు చెల్లదని. అంటే ఆ తీర్పు లేకపోతే మీరు ఈ రోజు నడిచిన కొండ ఎలా ఉండేదో. ఆ రాత్రి బొర్రా దగ్గర్లో ఊళ్ళో పడక, తెల్లారి కటికి జలపాతం. అక్కడికి కొంత దూరం జీపు, తర్వాత నడక. కాలు జారే చోట్లున్నాయి, కింద మడుగులో దూకే హీరోయిజం వద్దు.

మూడో రోజు జలపాతం చూసుకుని కొండ దిగి, జీపులో తాటిపూడి వైపు. ఇక్కడ మారుతుంది చూడండి గాలి, స్వెటర్ విప్పేస్తారు, కాఫీ ఎక్కడా ఉండదు, తాటిచెట్లు, జీడిమామిడి, ఎండు గడ్డి. రిజర్వాయర్ చుట్టుపక్కల సాయంత్రం తేలికపాటి నడక చాలు, కాళ్ళకి రెస్ట్. నీళ్ళలోకి ఈతకి దిగొద్దు, లోతు తెలీదు, అది తాగే నీళ్ళు కూడా. ఈ రాత్రే దోమలు ఎక్కువ, దోమతెర ఉన్న టెంట్ జిప్పు ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచకండి.

నీళ్ళ గురించి ఇక్కడే చెప్పేస్తా. కొండ మీద ఊట నీళ్ళు గైడ్ తాగినా మీరు కాచి తాగండి, వాళ్ళ పొట్ట వేరు, మన పొట్ట వేరు. మనిషికి రెండు లీటర్లు ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. దొడ్డికి వెళ్ళాలంటే గెడ్డకి కనీసం డెబ్భై పెద్ద అంగల దూరం, జానెడు గొయ్యి తవ్వి పూడ్చేయండి. ప్లాస్టిక్ అంతా తిరిగి మీ బ్యాగులోనే. పాము కరిస్తే కొయ్యడం, నోటితో లాగడం, తాడు బిగించి కట్టడం ఏదీ చెయ్యకండి, కాలు కదపకుండా కర్ర కట్టి, మోసుకుని అరకు గానీ ఎస్.కోట గానీ ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వాసుపత్రికి, సిగ్నల్ దొరగ్గానే 108కి.

నాలుగో రోజు పొద్దున్నే బండి మాట్లాడుకుని భీమిలి వైపు వచ్చేయండి, ఆ మైదానం నడవడంలో మజా లేదు, రోడ్డూ లారీలూ. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి నడవండి. 2014లో జియోలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వానలు కోసిన లోయల్లో నడిస్తే నగరం పక్కనే ఉన్నామని అనిపించదు. అంచుల మీదకి ఎక్కకండి, అది రాయి కాదు మట్టి, విరుగుతుంది, మీరూ పడతారు, దిబ్బా పోతుంది. అక్కణ్నుంచి ఇసుక మీద భీమిలి దాకా నడక. తడి ఇసుక మీద నడవండి, పొడి ఇసుకలో ఒక కిలోమీటరు రెండు కిలోమీటర్లతో సమానం. ఎండ ఎక్కకముందే అయిపోవాలి. రాత్రి బీచ్‌లో క్యాంపు వెయ్యాలని ఎవరో ఒకరు అంటారు, వద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, మన లైట్లకి బెదిరి వెనక్కి వెళ్ళిపోతాయి.

గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి. మొదటి రోజు ఒక్క అంగలో దాటేసిన గెడ్డ ఇదే. మా గైడ్‌ని కూడా అక్కడి దాకా తీసుకొచ్చాం ఒకసారి, ఆయన నీళ్ళు నోట్లో వేసుకుని "ఉప్పగైపోనాది" అని ఉమ్మేసి, మళ్ళీ ఇంకో గుక్క వేసుకుని చూశాడు.

ఇంటికొచ్చాక టెంట్ అలాగే చుట్టి మూల పడేయకండి, మేడ మీద రెండు రోజులు ఆరేయండి, లేకపోతే బూజు పట్టి వచ్చే ఏడాదికి పనికిరాదు. బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కండి. రెండు మూడు వారాల్లో చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఏజెన్సీలో నాలుగు రోజులు పడుకుని వచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి, మలేరియా టెస్ట్ చేయిస్తారు. గైడ్‌కి ఫోన్ చేసి క్షేమంగా చేరామని చెప్పండి, సిగ్నల్ దొరికే గట్టు ఎక్కి మరీ చూసుకుంటాడు మీ ఫోన్ వచ్చిందా లేదా అని.